హారంలో లేని పడవలు

అమెరికా కోస్ట్ గార్డ్ లెక్క ప్రకారం 2022లో అక్కడ విహార పడవల ప్రమాదాల్లో 636 మంది చనిపోయారు. అంటే రిజిస్టరైన ప్రతి లక్ష పడవలకు 5.4 మరణాలు. ఈ రేటును తెడ్డు వేసి నడిపే కయాక్, కనూలకు వర్తింపజేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. మోటారు లేని ఈ చిన్న పడవలకు చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కయాక్ బోల్తాపడి చనిపోయినవాళ్లు లవంలో చేరతారు, కయాక్‌లు మాత్రం చాలావరకు హారంలోకి రావు. అసలు పడవల సంఖ్యను హారంగా పెట్టడమే అరకొర కొలత. ఏడాదంతా షెడ్డులో పడున్న పడవ, వారం వారం నదిలోకి దిగే పడవ అందులో సమానమే. ముప్పు ఉండేది నీటి మీద గడిపే గంటల్లో కాబట్టి కొలవాల్సింది వాటినే.

లవాన్నీ పూర్తిగా నమ్మలేం. సాధారణంగా మరణమో, ప్రథమ చికిత్సతో సరిపోని గాయమో, 2000 డాలర్ల నష్టమో జరిగితేనే ప్రమాదాన్ని నివేదించాలి. కయాక్ తిరగబడినా తోటివాళ్లు క్షేమంగా ఒడ్డుకు చేరిస్తే అది ఏ రికార్డులోకీ ఎక్కదు. అందుకే నమోదైన కయాక్ ప్రమాదాల్లో ప్రాణాంతకమైనవి అంత ఎక్కువగా కనిపిస్తాయి. బతికి బయటపడ్డవాళ్లను ఎవరూ రాసుకోలేదు మరి!

జనం ఎక్కువగా ఉదహరించే అంకె ఇంకొకటి ఉంది. అదే ఏడాది మునిగి చనిపోయినవాళ్లలో, వివరం తెలిసినంతవరకు, 85 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. ఇదొక్కటే చూసి జాకెట్ ప్రాణం కాపాడుతుందని తేల్చలేం. పడవెక్కేవాళ్లందరిలోనూ 85 శాతం మంది వేసుకోకుండా ఉంటే, జాకెట్ వల్ల తేడా ఏమీ లేదనే ఆ అంకెకు అర్థం. సగం మంది వేసుకుంటూ ఉంటే, వేసుకోనివాళ్లకు ముప్పు ఆరు రెట్ల దాకా ఉన్నట్టు. ఇలా ప్రశ్నిస్తే జనం జాకెట్లు వదిలేస్తారని ఎవరైనా అనవచ్చు. ఆ భయం అక్కర్లేదు, ఎందుకంటే జాకెట్‌కు గట్టి ఆధారం మన శరీర ధర్మంలోనే ఉంది. చల్లని నీటిలో పడగానే మన ప్రమేయం లేకుండా ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగుతాం. ఆ క్షణంలో తల మునిగి ఉంటే లోపలికి వెళ్లేది నీరే. తర్వాత కొద్ది నిమిషాల్లోనే చేతులు పట్టు తప్పుతాయి, ఈత వచ్చినవాళ్లకైనా అంతే. అప్పుడు ముక్కూ నోరూ నీటిపైన నిలిపేది జాకెట్.

ఇక మొదట చెప్పిన, నీటి మీద గడిపే గంటల లెక్క దొరకడం కష్టమన్నది నిజమే. సర్వేలతో ఉజ్జాయింపుగా కట్టవచ్చు గానీ, దానితోనూ పని పూర్తికాదు. ఎంత సరిచేసినా సగటు సగటే. వసంతంలో ఎండ కాస్తున్నా సరస్సు నీరు ఇంకా మంచులా ఉన్నప్పుడు జాకెట్ లేకుండా, మద్యం తాగి ఒంటరిగా దిగినవాడి గంటనూ, వేసవిలో జాకెట్ వేసుకుని జట్టుతో వెళ్లినవాడి గంటనూ అది ఒకే గాటన కడుతుంది. ఆ రెండింటినీ విడదీసి లెక్కకట్టాలి.