యంత్రము చేర్చు ప్రక్షిప్తములు

మొన్నటి సెలవులలో మా అన్నగారి యింట 55 అంగుళముల క్రొత్త టెలివిజనుపై ‘మాయాబజార్’ చూచితిమి. 1957 నాటి ఆ చిత్రమును నేనెన్నిమారులు చూచితినో లెక్కలేదు. కాని మార్కస్ బార్ట్‌లీగారు చిత్రించిన వెన్నెల నౌకావిహారము వచ్చునప్పటికి ఏదో వెలితి తోచినది. పడవ నూనెమీద జారినట్లు పోవుచున్నది. ఇంటర్మీడియేటు చదువుచున్న అన్నగారి అమ్మాయి, “ఇదేమిటి బాబాయ్, సీరియల్ లాగా ఉంది!” అన్నది. పిల్ల కన్ను సరిగానే పట్టినది.

చలనచిత్రమున చలించునదేదియు లేదు. సెకనుకు 24 నిశ్చలచిత్రములు మన కన్నుల ముందు గడచిపోవును. చలనమును కల్పించుకొనునది మన మనస్సే. మూకీల కాలమున ఈ వేగమునకు కట్టుబాటు లేదు. మాట వచ్చిన పిదప, వేగము మారిన గొంతు మారును గనుక, 1920ల చివర 24 స్థిరపడినది. సినిమాహాలులో ఫిల్ము ఆడు ప్రొజెక్టరు ఒక్కొక్క చిత్రమును రెండుమార్లు మెఱయించి నడుమ చీకటి చేసెడిది. ఆ రెప్పపాటు చీకటియే కన్నునకు మేలు చేసెడిది. నేటి టెలివిజనులో సాధారణముగా ఆ చీకటి లేదు. ఒక చిత్రము రెండవది వచ్చువరకు వెలుగుచునే యుండును. కదలు వస్తువు వెంట మన చూపు సాగిపోవును. బొమ్మ మాత్రము నిలిచియుండును. అందువలననే అలుకుడు, కుదుపు.

తెర పెరిగిన కొలది ఈ కుదుపు పెరుగును. ఒక వస్తువు తెర ఈ చివరనుండి ఆ చివరకు 4 సెకనులలో సాగినదనుకొందము. అవి 96 చిత్రములు. వెనుకటి 20 అంగుళముల పెట్టెలో అది ఒక్కొక్క చిత్రమునకు నాలుగు మిల్లీమీటర్లు దుమికెడిది. ఈ 55 అంగుళముల తెరపై పండ్రెండు మిల్లీమీటర్లకు పైగా దుముకును. కూర్చుండు దూరము మాత్రము మనమెవ్వరమును పెంచలేదు!

దీనికి తయారీదారులు కనిపెట్టిన మందు, రెండు చిత్రముల నడుమ నుండదగిన చిత్రములను యంత్రమే ఊహించి చేర్చుట. తాళపత్రములలో గ్రంథపాతమున్నచోట లేఖకుడు తన పద్యమును జొనిపిన కథలు మా తెలుగు పండితులకు క్రొత్త కాదు. ఇచ్చట గ్రంథపాతము కూడ లేదు. కవి వ్రాసినది ఇరువదినాలుగే. 2012లో పీటర్ జాక్సన్ ‘హాబిట్’ను 48 చిత్రముల వేగముతో తీసెను. నచ్చిననాడు మెచ్చుకొందము, లేనినాడు లేదు. అది కర్త యెంపిక. యంత్రమునకా యధికారమెవరిచ్చిరి? 2018లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు మెక్వారీతో కలిసి, ఈ సదుపాయమును ఆపివేయుడని ప్రేక్షకులను వేడుకొనెను. మరుసటి యేడు ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అను ఏర్పాటును ప్రకటించిరి. అది గల పెట్టెలలో ఒక్క మీట చాలును.

అన్నగారి పెట్టెలో అది లేదు. అమ్మాయి సెట్టింగులలో వెదకి ‘మోషన్’ అని యున్న దానిని ఆపినది. పడవ తన పాత నడకలో మరల కదలినది. అన్నగారు మాత్రము మరునాడే దానిని తిరిగి పెట్టించుకొనిరట; క్రికెట్టు అట్లే బాగున్నదట.