ఏ.సి.లో గ్యాసు తరగదు... కారిపోతుంది!

ఏటా గ్యాసు ఖర్చుకు చిన్న వాల్వే కారణం కావచ్చు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండలకు తాళలేక పల్లెల్లోనూ ఏ.సి.లు వెలిశాయి. ఒకనాడు పట్నంలో సినిమా హాల్లోనో, పెద్ద డాక్టరు గదిలోనో మాత్రమే కనిపించిన యంత్రం ఇప్పుడు పసిబిడ్డలున్న ఇళ్లలో, మంచం పట్టిన పెద్దవారి గదుల్లో, ఎరువుల దుకాణాల్లో పనిచేస్తున్నది.

ఉగాది వెళ్లగానే స్విచ్చి వేస్తారు. గాలి వస్తుంది గాని చల్లదనం రాదు. మెకానిక్కుకు కబురు వెళుతుంది. అతను వచ్చి గేజి తగిలించి, "గ్యాసు అయిపోయిందండీ" అంటాడు. వేలల్లో డబ్బు తీసుకుని గ్యాసు నింపి వెళతాడు. మరుసటి ఏడాది మళ్లీ అదే మాట, అదే ఖర్చు. మోటారు సైకిలుకు పెట్రోలు పోయించినట్టే ఏ.సి.కి ఏటా గ్యాసు పోయించాలేమోనని చాలామంది నమ్ముతున్నారు.

అది పొరపాటు. ఏ.సి.లో గ్యాసు మండదు, ఖర్చు కాదు. రాగి గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. గొట్టాలు, అతుకులు గట్టిగా ఉన్నంత కాలం పదేళ్లయినా ఆ గ్యాసే సరిపోవాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్న మాట. రాగి గొట్టానికి చిల్లి పడవచ్చు, నట్టు వదులు కావచ్చు. వీటితో పాటు తప్పక చూడవలసిన చోటు మరొకటి ఉంది. అది మెకానిక్కు గేజి తగిలించే మూతే. కారణం వెతకకుండా గ్యాసు నింపడం ఓటి కుండలో నీళ్లు పోయడమే.

టైరు వాల్వుకు తోబుట్టువు

స్ప్లిట్ ఏ.సి. బయటి పెట్టె పక్కన రెండు రాగి గొట్టాలు కనిపిస్తాయి. ఒకటి సన్నం, ఒకటి లావు. రెండింటికీ ఇత్తడి వాల్వులుంటాయి. లావు గొట్టం వాల్వుకు పక్కగా చిన్న మూతి ఒకటి పొడుచుకు వచ్చి, దానిపై ఇత్తడి మూత బిగించి ఉంటుంది. దీనినే సర్వీసు పోర్టు అంటారు. గ్యాసు ఎక్కించాలన్నా, పీడనం చూడాలన్నా, లోపలి గాలి లాగాలన్నా దారి ఇదే.

మూత తీసి చూస్తే లోపల చిన్న పిన్ను కనిపిస్తుంది. ట్రాక్టరు టైరు, మోటారు సైకిలు టైరు ట్యూబుల్లో ఉండే పిన్ను వంటిదే ఇది. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగు బలంతో మూసుకుంటుంది. చూపుకు ఒకటే అయినా, టైరు పిన్నును ఇక్కడ వేయరాదు. టైరు పిన్నులోని రబ్బరు గాలి కోసం చేసినది. ఏ.సి. గ్యాసుకు, నూనెకు, వేడికి అది నిలవదు. ఏ.సి. పని కోసమే తయారైన పిన్ను వేరే ఉంది.

పీడనంలోనూ పోలిక లేదు. కారు టైరులో గాలి చదరపు అంగుళానికి 30, 35 పౌండ్లు ఉంటుంది. 35 డిగ్రీల ఎండలో ఆపి ఉంచిన ఏ.సి.లో ఆర్-22 గ్యాసు ఉంటే పీడనం సుమారు 180 పౌండ్లు. కొత్త ఏ.సి.ల్లోని ఆర్-410ఎ, ఆర్-32 గ్యాసులైతే సుమారు 300 పౌండ్లు. టైరుకు ఎనిమిది, తొమ్మిది రెట్లు అధికమైన ఒత్తిడిని ఆ చిన్న పిన్ను రాత్రింబవళ్లు ఆపుతున్నదన్న మాట.

మూతి కొలత తెలియాలి

పాత ఆర్-22 ఏ.సి.లకు సర్వీసు పోర్టు పావు అంగుళం ఫ్లేరు రకం. దాని బయటి మర వ్యాసం 7/16 అంగుళం. ఆర్-410ఎ, ఆర్-32 స్ప్లిట్ ఏ.సి.లకు సాధారణంగా 5/16 అంగుళం ఫ్లేరు రకం ఉంటుంది. దాని మర వ్యాసం అర అంగుళం. రెండింటికీ మరచుట్లు అంగుళానికి 20 చొప్పునే. తేడా ఒక అంగుళంలో పదహారో వంతు మాత్రమే. అంటే ఒకటిన్నర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అలవాటు లేని కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

ఈ తేడా కావాలని పెట్టినదే. పాత తక్కువ పీడనపు గేజిని, గొట్టాలను ఎక్కువ పీడనపు యంత్రానికి ఎవరూ పొరపాటున తగిలించకుండా వేసిన అడ్డుకట్ట ఇది. చిన్న నట్టు పెద్ద మూతికి ఎక్కదు. పెద్ద నట్టు చిన్న మూతి మీద వదులుగా ఊగుతుంది.

అయితే మూతి కొలతను బట్టి లోపల ఏ గ్యాసు ఉందో తేల్చరాదు. యంత్రాల తయారీలో తేడాలుంటాయి. గ్యాసు పేరు, బరువు బయటి పెట్టె మీద అంటించిన పట్టీపై ముద్రించి ఉంటాయి. ముందు పట్టీ చదవాలి, తరువాత మూతి కొలవాలి, ఆపైనే ఫిట్టింగు తీయాలి. ఈ వరుస తప్పితే ఒక గ్యాసు ఉన్న యంత్రంలోకి మరొక గ్యాసు ఎక్కే ప్రమాదం ఉంది. అలా కలిస్తే యంత్రం చల్లబరచదు సరికదా, కంప్రెషరు కూడా చెడుతుంది.

అడాప్టరు మంచిదే, గొట్టం మాటేమిటి?

ఒక వైపు 5/16, మరో వైపు పావు అంగుళం మరలున్న ఇత్తడి అడాప్టరు బజారులో దొరుకుతుంది. దాన్ని తగిలిస్తే పాత గేజి కూడా కొత్త యంత్రానికి పడుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. అడాప్టరు మూతినే మారుస్తుంది గాని గొట్టానికి బలం ఇవ్వదు. కొత్త గ్యాసులకు పనికివచ్చే గొట్టంపై 800 పౌండ్ల పని పీడనానికి తగినదని రాసి ఉంటుంది. ఆ రాత లేని పాత గొట్టాన్ని ఈ యంత్రాలకు వాడరాదు.

గొట్టాల్లో మిగిలే నూనె సంగతి కూడా చూడాలి. ఆర్-22 యంత్రాల్లో సాధారణంగా మినరల్ నూనె, కొత్త గ్యాసుల యంత్రాల్లో సింథటిక్ నూనె ఉంటాయి. ఒకే గొట్టం రెండింటికీ వాడితే ఒకదాని నూనె మరొక దానిలోకి పోతుంది. అందుకని రెండు రకాలకు రెండు గొట్టాల సెట్లు పెట్టుకోవడం మేలు.

అడాప్టరు కొనేటప్పుడు లోపల చూడవలసినవి రెండు. ఒకటి, రబ్బరు వాషరు పగుళ్లు లేకుండా ఉండాలి. రెండు, పిన్నును నొక్కే ముక్క సరైన ఎత్తులో ఉండాలి. పొట్టిగా ఉంటే పిన్ను తెరుచుకోదు, గేజి తప్పు చూపుతుంది. పొడవుగా ఉంటే పిన్ను వంగిపోతుంది. వంగిన పిన్ను మళ్లీ సరిగా కూర్చోదు. ఆ రోజు నుంచే లీకు మొదలు.

కుళాయికి చుట్టినట్టు మరలకు తెల్ల టేపు చుట్టడం కొందరికి అలవాటు. ఫ్లేరు ఫిట్టింగులో గ్యాసును ఆపేది మర కాదు. ఏటవాలు ముఖం ముఖానికి ఆనడం వల్ల, లేదా వాషరు వల్ల గ్యాసు ఆగుతుంది. టేపు వల్ల లాభం లేదు. దాని పీచులు లోపలికి పోతే సన్న దారులు మూసుకుపోతాయి.

గొట్టం విప్పేటప్పుడు బుస్సుమని గ్యాసు చిమ్మడం అందరూ చూసేదే. ద్రవరూపంలో ఉన్న ఆర్-32 గాలిలోకి రాగానే మైనస్ 52 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చేతికి తగిలితే చర్మం గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది. కొనలో చిన్న బాల్ వాల్వు ఉన్న ఫిట్టింగు వాడితే, ముందు దాన్ని మూసి తరువాత గొట్టం విప్పవచ్చు. గ్యాసు మిగులుతుంది, చేయి కూడా క్షేమం.

గ్యాసు పోకుండా పిన్ను మార్చే పనిముట్టు

పిన్ను పాడైతే ఉన్న గ్యాసంతా వదిలేసి మార్చవలసిన పని లేదు. కోర్ రిమూవర్ అనే పనిముట్టు ఉంది. దాన్ని మూతికి బిగించి, కడ్డీతో పిన్నును విప్పి వెనక్కి లాగి, బాల్ వాల్వు మూస్తే గ్యాసు లోపలే ఉంటుంది. కొత్త పిన్ను అదే దారిన ఎక్కించవచ్చు. దీనిలోనూ పావు అంగుళం, 5/16 అని రెండు కొలతలుంటాయి.

కొత్తగా బిగించిన, లేదా విప్పి బాగుచేసిన ఏ.సి.లో గ్యాసు వదలడానికి ముందు లోపలి గాలిని, తేమను వాక్యూం పంపుతో లాగేయాలి. 500 మైక్రాన్ల స్థాయికి దిగాలని ఈ పనిలో ప్రమాణం. పిన్ను అడ్డంగా ఉంటే పంపు గంటల తరబడి తిరగవలసి వస్తుంది. పిన్ను తీసి లాగితే పని త్వరగా, శుభ్రంగా అవుతుంది.

మూతిని రాగి గొట్టానికి కొత్తగా బ్రేజింగు చేసి అతికేటప్పుడు కూడా పిన్ను ముందే తీయాలి. మంట వేడికి అందులోని రబ్బరు కాలిపోతుంది. అతుకు చల్లారాకే పిన్ను వేయాలి.

ఇక గుచ్చే వాల్వు విషయం. సర్వీసు పోర్టు లేని ఫ్రిజ్జులకు, చిన్న యంత్రాలకు రాగి గొట్టం మీద బిగించి సూదితో చిల్లి చేసే వాల్వు వాడతారు. తాత్కాలికంగా పీడనం చూడటానికి అది పనికివస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే రబ్బరు ఎండి, కొన్నాళ్లకు కారడం మొదలవుతుంది. పని కాగానే దాన్ని తీసి, ఆ చోట సరైన మూతి అతికించడమే పద్ధతి.

వదులు నట్టు ప్రాణం మీదికి తెస్తుంది

ఇల్లు మారేటప్పుడు గ్యాసునంతా బయటి పెట్టెలోకి చేర్చి మూసే పనిని పంప్ డౌన్ అంటారు. సన్న గొట్టం వాల్వు మూసి యంత్రం నడుపుతారు. గేజి సున్నాకు చేరువ కాగానే లావు గొట్టం వాల్వు కూడా మూసి, వెంటనే యంత్రం ఆపాలి. ఆ సమయంలో ఫిట్టింగు వదులుగా ఉన్నా, గొట్టం పగిలి ఉన్నా, వాల్వు మూయడం ఆలస్యమైనా గ్యాసుకు బదులు బయటి గాలి లోపలికి పోతుంది. గాలి, నూనె, వేడి ఒకచోట ఒత్తిడికి గురైతే కంప్రెషరు బాంబులా పేలవచ్చు. గొట్టాలు విప్పి ఉండగా యంత్రం నడపడం మృత్యువుతో చెలగాటమే.

లీకు పరీక్షకు రెగ్యులేటరు బిగించిన నైట్రోజన్ సిలిండరు మాత్రమే వాడాలి. వెల్డింగు షాపు ఆక్సిజన్‌ను ఎన్నడూ వాడరాదు. నూనెతో కలిస్తే ఆక్సిజన్ పేలుతుంది. ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. గాలి కంటే బరువైనది కావడంతో మూసిన గదిలో నేల మీద పరుచుకుంటుంది. పని జరిగే చోట బీడీ, మంట ఉండకూడదు. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలి.

మూతే అసలు కాపలా

పని పూర్తయ్యాక మెకానిక్కు మూత బిగించకుండా వెళ్లడం, పోయిన మూతకు బదులు ప్లాస్టిక్ ముక్క తొడగడం అక్కడక్కడ జరుగుతున్నది. పిన్ను పని తాత్కాలికంగా ఆపడమే. ఏళ్ల తరబడి కాపలా కాసేది లోపల వాషరున్న ఇత్తడి మూత. ప్లాస్టిక్ మూత దుమ్మును ఆపుతుంది గాని గ్యాసును ఆపదు. లావు, సన్న గొట్టాల వాల్వుల మీది పెద్ద మూతలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంటివారు చూడవలసినవి

మరల లెక్కలు ఇంటివారికి తెలియనక్కరలేదు. మెకానిక్కు వచ్చినప్పుడు ఈ కొద్ది సంగతులు గమనిస్తే చాలు.

- గ్యాసు నింపే ముందు, "ఎక్కడ కారింది?" అని అడగాలి. జవాబు దొరికాకే నింపనివ్వాలి.
- పెట్టె మీది పట్టీలోని గ్యాసు పేరు, తెచ్చిన సిలిండరు మీది పేరు ఒకటేనా చూడాలి.
- గ్యాసును కాటా మీద తూచి, పట్టీలో రాసిన బరువు ప్రకారం ఎక్కించాలి.
- గేజి తీసిన వెంటనే, మూత పెట్టక ముందే, పిన్ను మీద సబ్బు నురగ వేయించాలి. బుడగ లేస్తే పిన్ను మార్చాలి.
- వెళ్లే ముందు మూడు ఇత్తడి మూతలూ బిగించాడా అని కళ్లారా చూడాలి.

గ్రామాల్లో ఈ పని చేసే యువకులు ఎక్కువగా ఒకరి దగ్గర చేరి చూసి నేర్చుకున్నవారే. పనితనం ఉన్నా పద్ధతి చెప్పేవారు లేకపోవడమే లోపం. ఐ.టి.ఐ.లలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్ల కోర్సుగా ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది సర్వీసు మెకానిక్కులకు శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యం పెట్టారు.

కారిన గ్యాసు ఒక ఇంటి నష్టంతో ఆగదు. ఓజోను పొరకు చేటు చేసే గ్యాసులను తగ్గించాలని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందానికి వచ్చాయి. దాని ప్రకారం 2030 నాటికి మన దేశంలో ఆర్-22 దాదాపుగా కనుమరుగు కావాలి. ఆర్-32 ఓజోనుకు హాని చేయదు గాని, ఒక కిలో కారితే భూమిని వేడెక్కించడంలో 675 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఎండ తాళలేక కొనుక్కున్న యంత్రమే మరింత ఎండకు కారణమవుతుందన్న మాట.

చీమ తలంత పిన్ను, బొటనవేలి కొసంత ఇత్తడి మూత. వీటి ఖరీదు ఒకసారి గ్యాసు నింపే ఖర్చులో చిన్న వంతు కూడా కాదు. ఏటా వేలు పోయడం కంటే ఒకసారి మూతి సరిచేయించుకోవడం తెలివైన పని.