ఘాట్ ఎక్కడానికి ముందు స్ప్రాకెట్ మార్చాలా?

జి.మాడుగుల వైపు డబుల్స్‌తో, పైగా పసుపు బస్తాతో ఎత్తు ఎక్కుతుంటే బండి లాగట్లేదా? ముందు ఎయిర్ ఫిల్టర్, క్లచ్ చెక్ చేయండి. అవి బాగుంటేనే స్ప్రాకెట్ సంగతి.

ఉదాహరణకి ముందు 14, వెనక 42 పళ్ళుంటే నిష్పత్తి 3. ముందు 13 వేస్తే 3.23. అంటే అదే గేర్‌లో లాగే బలం దాదాపు 8 శాతం పెరుగుతుంది. టాప్ స్పీడ్ మాత్రం తగ్గుతుంది. దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ కూడా పెరుగుతుంది, కానీ న్యూట్రల్‌లో దిగితే ఆ లాభం సున్నా!

మైదానంలో తిరిగేవాళ్ళు మైలేజ్ కోసం దీనికి రివర్స్ చెప్తారు. అందుకే ఆన్‌లైన్‌లో రైడర్లని అడిగేటప్పుడు బండి మోడల్‌తో పాటు మీ రోడ్డు, మీరు మోసే బరువు కూడా చెప్పండి. మార్చాక చైన్ లూజు సరిచేసి, బోల్టులు బిగించాకే ఘాట్ ఎక్కండి.