తెర తెరుచుకోదు.. వరుస కదలదు
కంప్యూటర్ల జాప్యానికి నెట్‌వర్క్ సెట్టింగులూ కారణమే

అచ్చంపేట: అమ్రాబాద్, మన్ననూరు వంటి నల్లమల గ్రామాల నుంచి కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం బస్సెక్కి పట్టణానికి వచ్చేవారికి ఉదయపు వేళ ఎంతో విలువైనది. మీసేవ కేంద్రంలోనో, ఇంటర్నెట్ దుకాణంలోనో కంప్యూటర్ తెరుచుకోవడానికి అయిదు నిమిషాలు పడితే వరుస అక్కడే నిలిచిపోతుంది. యంత్రం పాతబడిందని భావించి ఫార్మాట్ చేయించడం, లేదా కొత్తది కొనడం పరిపాటి. దోషం అన్నిసార్లూ యంత్రానిదే కాదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లోనూ ఉండవచ్చు.

దీనిని తేల్చే పరీక్షకు పైసా ఖర్చు లేదు. కంప్యూటర్‌ను ఆపి, వెనుక ఉన్న నెట్‌వర్క్ కేబుల్‌ను తీసి, మళ్లీ ఆన్ చేయాలి. త్వరగా తెరుచుకుంటే లోపం నెట్‌వర్క్ వైపే ఉన్నట్లు. తేడా లేకుంటే హార్డ్‌డిస్కును, వైరస్‌ను అనుమానించాలి. ఇదేమీ చూడకుండా ఫార్మాట్ చేయిస్తే దుకాణం లెక్కలు, ఫొటోలు పోవడమే మిగులుతుంది.

జాప్యం ఏ దశలో జరుగుతోందన్నది ముఖ్యం. విండోస్ గుర్తు కనిపించకముందే నల్లని తెరపై ‘పీఎక్స్ఈ’ అక్షరాలు వస్తే, కంప్యూటర్ తన డిస్కును వదిలి నెట్‌వర్క్‌లో సర్వర్ కోసం వెతుకుతున్నట్లు అర్థం. బయోస్‌లోకి వెళ్లి బూట్ క్రమంలో హార్డ్‌డిస్కును మొదట ఉంచితే సరిపోతుంది.

గుర్తు వచ్చాక ఆగితే కారణం వేరు. దుకాణంలో పాత కంప్యూటర్‌ను తొలగించినా, దాని ఫోల్డర్‌కు వేసిన దారి మిగిలిన యంత్రాల్లో డ్రైవ్ రూపంలో ఉండిపోతుంది. లేని యంత్రాన్ని అవి రోజూ పిలుస్తూ జవాబు కోసం ఎదురుచూస్తాయి. ఆ డ్రైవ్‌పై రైట్‌క్లిక్ చేసి ‘డిస్కనెక్ట్’ నొక్కాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు మరో చిక్కు. ఐపీ చిరునామాను కేటాయించే రూటర్ కంప్యూటర్ కంటే ఆలస్యంగా సిద్ధమైతే, కంప్యూటర్ కొంతసేపు అడిగి, జవాబు రాక 169.254తో మొదలయ్యే చిరునామాను తానే పెట్టుకుంటుంది. దానితో ఇంటర్నెట్ రాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ అని టైపు చేస్తే ఈ అంకె కనిపిస్తుంది. రూటర్‌ను రెండు నిమిషాలు ముందుగా వెలిగిస్తే చాలు. చిరునామాను స్థిరంగా ఇవ్వదలచినవారు ఒకే అంకెను రెండు యంత్రాలకు ఇవ్వకూడదు.

సెట్టింగులు మార్చే ముందు పాత వివరాలను కాగితంపై రాసుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లలో మాత్రం సొంతంగా మార్పులు చేయక, శాఖ సాంకేతిక సిబ్బందికే అప్పగించడం మేలు.