తోడు వేయని బీరు

తోడు వేయనిదే పాలు పెరుగు కావని మన ఇండ్లలో పిల్లలకును తెలియును. కాని ఇడ్లీపిండికి ఎవరును తోడు వేయరు. మినపప్పును, బియ్యమును నానబెట్టి రుబ్బి ఒక మూల నుంచినచో తెల్లవారుసరికి పిండి తానై పొంగును. తాటికల్లు సంగతియు అంతే. గెల నుండి లొట్టిలోనికి బొట్టుబొట్టుగా జారునపుడు అది వట్టి తీపినీరు. ఉదయము దించిన కల్లు మధ్యాహ్నమునకే పులిసి నురుగు కట్టును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియక నీరాగా నిలుచును. పప్పు పొట్టును, కుండ గోడను, గాలిని, ఈగల కాళ్లను ఆశ్రయించియున్న సూక్ష్మజీవులే ఈ పులియుటకు కారణము. సున్నపు క్షారములో అవి పెరుగజాలవు.

బీరు తయారీలో నేడు లోకమంతటను వాడుకలో నున్నది తోడు వేయు పద్ధతియే. పాశ్చర్ 1876లో బీరును గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, బీరు చెడుటకు పరాయి సూక్ష్మజీవులే కారణమని చూపెను. 1883లో కోపెన్‌హేగన్ నగరములోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక ఈస్టు కణము నుండి శుద్ధమైన ఈస్టును పెంచెను. నాటి నుండి బ్రూవరీలు, అనగా బీరు తయారుచేయు శాలలు, తమకు కావలసిన ఈస్టును మాత్రమే తోడుగా వేసి, తక్కినవాటిని లోనికి రానీయక కాపాడుకొనుచున్నవి. ఏ నెలలో చేసినను బీరు ఒకే రుచిగా ఉండుటకు ఇదియే రహస్యము.

ఐరోపాలో ఒక చిన్న లోయ మాత్రము ఈ మార్పునకు లొంగలేదు. అది బెల్జియము రాజధానియైన బ్రస్సెల్సును, దానికి నైరృతిగా నున్న పాయొటెన్‌లాండ్ పల్లెలను కలుపుకొని ప్రవహించు సెన్ నది లోయ. అచ్చటి చిన్న బ్రూవరీలు ఇడ్లీపిండి వలె, కల్లు వలె, తోడు వేయకయే బీరు చేయును. దాని పేరు లాంబిక్. 2015 నవంబరులో బ్రస్సెల్సులోని కాంతియోన్ అను బ్రూవరీ పని మొదలుపెట్టియు కొన్నాళ్లు నిలిపివేయవలసి వచ్చెను. యంత్రము చెడలేదు, సరకు కొరత లేదు. రాత్రులు చాలినంత చల్లగా లేవు, అంతే. ఒక బీరునకును, రాత్రి చలికిని గల ఈ సంబంధము విచిత్రమైనది.

రాగి తొట్టి

లాంబిక్ తయారీకి మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ప్రధానము. దానినే మాల్టు అందురు. దానితోపాటు మొలకెత్తించని గోధుమ నూటికి 30 పాళ్లకు తక్కువ కాకుండ కలుపుదురు. ఈ రెంటిని మరపట్టి వేడినీటిలో కలిపినపుడు మాల్టులోని ఎంజైములు పిండిపదార్థమును చక్కెరగా మార్చును. మామూలు బ్రూవరీలలో ఈ మార్పు పూర్తి యగువరకు ఆగుదురు. ఇచ్చట ఆగరు. మబ్బుగా నున్న ద్రవములో కొంత భాగమును నడుమనే తీసి మరిగింతురు. మరిగినచో ఎంజైములు నశించును గనుక కొంత పిండిపదార్థము మారకయే మిగులును. ఇది మందకొడితనము వలన జరుగునది కాదు. ముందు రెండు మూడేండ్లపాటు బ్రతుకవలసిన సూక్ష్మజీవులకు ఇది దాచిన గింజ వంటిది.

ఈ కషాయమును హాప్ పుష్పములతో గంటల తరబడి కాతురు. తక్కిన చోట్ల క్రొత్త హాప్ పూలు వాడుదురు, వాటి చేదును సువాసనయు కావలెను గనుక. లాంబిక్‌నకు సంవత్సరముల తరబడి అటకపై నిలువయున్న పాత పూలు కావలెను. వాటిలో చేదు చాలవరకు పోయియుండును; కొన్ని బాక్టీరియాలను అణచు గుణము మాత్రము మిగిలియుండును.

కాగిన కషాయమును సాయంకాలము కప్పు క్రింద నున్న ఒక రాగి తొట్టిలోనికి పంపుదురు. తొట్టి చాల వెడల్పు, లోతు స్వల్పము. 7,500 లీటర్ల ద్రవమును 30 సెంటీమీటర్ల మందమున పరచినచో 25 చదరపు మీటర్ల ఉపరితలము ఏర్పడును. వేడిపాలను పళ్లెములో పోసి చల్లార్చు తల్లికి ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. కిటికీలు తెరచియుండును. రాత్రి గాలి పై నుండి వీచుచుండును. మరునాటి ఉదయమునకు కషాయము సుమారు 20 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగును. అప్పుడు దానిని కొయ్యపీపాలలోనికి దింపుదురు. ఎవరును ఈస్టు వేయరు.

పీపాలో వంతులు

తరువాత జరుగు కథ ఒక జీవి కథ కాదు. ఒకటి తరువాత ఒకటిగా వచ్చి, తన పని చేసి, తరువాతి దానికి చోటిచ్చి పోవు జీవుల కథ. 1970ల నుండి బెల్జియము శాస్త్రజ్ఞులు ఈ వరుసను పరిశీలించుచున్నారు. 2014లో ప్రచురితమైన ఒక పరిశోధన కూడ ప్రధానముగా ఆ వరుసనే బలపరచెను.

మొదటి నెల ప్రేగులలోను, మట్టిలోను కనబడు బాక్టీరియా కుటుంబమునకు చెందినవాటి రాజ్యము. అవి చక్కెరను తిని పలువిధములైన ఆమ్లములను, అంత మంచివి కాని వాసనలను పుట్టించును. ఆ నెలలో పీపాలోని ద్రవమును రుచి చూడవలెనని ఎవరికిని తోచదు. ఇంతలో మామూలు బీరు ఈస్టు పెరిగి చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. పెరుగుచున్న పులుపును, ఆల్కహాలును ఓర్వలేక మొదటి బాక్టీరియాలు నశించును. నెలల తరువాత లాక్టికామ్లమును చేయు పీడియోకాకస్ బాక్టీరియా విజృంభించును. మన పెరుగులోని పులుపు కూడ లాక్టికామ్లమే. ఈ దశలో బీరు కొన్ని వేళల జిగురై, తీగ సాగును. చూచువానికి అది చెడిపోయినదనియే తోచును. అయినను పారబోయరు. ఆ జిగురును విడగొట్టగల జీవి ఇంకను రావలసియున్నది.

అది బ్రెటనోమైసిస్ అను ఈస్టు. ఆరు నెలలు దాటిన పిదప దాని వంతు వచ్చును. మామూలు ఈస్టు తినలేక విడిచిన పెద్ద చక్కెర అణువులను, పీపా కొయ్యలోని పదార్థములను గూడ అది మెల్లగా తినగలదు. మొదట దాచిన గింజ ఈ అతిథి కొరకే. 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు చెందిన క్లౌసెన్ ఇంగ్లీషు బీరులలో దీనిని కనుగొని, బ్రిటిషు శిలీంధ్రమను అర్థమున ఆ పేరు పెట్టెను. 1921లో కుఫరాత్, వాన్ లార్ అను ఇరువురు దీనిని లాంబిక్ నుండి వేరుచేసిరి. ఒక జాతికి బ్రస్సెల్సు నగరము పేరనే బ్రుక్సెలెన్సిస్ అని పేరు నిలిచినది. ద్రాక్షసారాయి చేయువారికి ఇది శత్రువు. పీపాలో ప్రవేశించినచో గుఱ్ఱపుసాల వాసన వచ్చెనని వారు తల పట్టుకొందురు. సెన్ లోయలో ఆ వాసనయే మెప్పు పొందును. మంచి చెడ్డలు సూక్ష్మజీవిలో లేవు, దానిని చూచు కన్నులోనే కలవనుటకు ఇంతకంటె నిదర్శనము దొరకుట కష్టము.

కొయ్య రంధ్రముల ద్వారా ద్రవము కొంచెము కొంచెముగా ఆవిరియై పోవును. పీపాలో ఖాళీ ఏర్పడినను నింపరు. ద్రవము పై ఈస్టు ఒక పలుచని పొరగా అల్లుకొని ప్రాణవాయువు లోనికి పోకుండ చాలవరకు అడ్డగించును. పండ్ల ఈగలు దూరినచో ఎసిటికామ్ల బాక్టీరియా వచ్చి బీరును సిరకాగా మార్చును. అందువలన నేలమాళిగలలో సాలెగూళ్లను దులుపరు. ఈగలను పట్టు పని సాలెపురుగులది.

కలుపు నేర్పు

పీపాలోని లాంబిక్‌లో నురుగు దాదాపు ఉండదు. వాయువు కొయ్య గుండ తప్పించుకొని పోవును. పాయొటెన్‌లాండ్ పల్లెలలో దానిని మట్టికూజాలలో పోసి ఇచ్చు పాత అలవాటు నేటికిని కలదు. ఐజెరింగెన్ గ్రామములో చర్చి కెదురుగా నున్న ఒక చిన్న పానశాల పేరు తెలుగులో చెప్పినచో 'మహాదాహమునకు బీమా' అగును. ఆదివారపు గిరాకికి అది ప్రసిద్ధము.

అయితే ఈ ప్రాంతమునకు పేరు తెచ్చినది గూజ్. ఏడాది, రెండేండ్లు, మూడేండ్లు నిలువయున్న లాంబిక్‌లను కలిపి, బలమైన సీసాలలో పోసి బిరడా బిగింతురు. లేత లాంబిక్‌లో ఇంకను చక్కెర మిగిలియుండును. ముదిరిన దానిలో ఆ చక్కెరను తినగల బ్రెటనోమైసిస్ ఉండును. సీసాలో రెండును కలియగా కిణ్వనము మరల సాగి, వాయువు బయటికి పోలేక ద్రవములో కరగును. పాళ్లు తప్పినచో సీసా పగులును, లేదా నురుగే రాదు. కొందరు స్వయముగా బీరు కాచరు; ఇతరుల వద్ద కొని, నిలువచేసి, కలుపుటయే వృత్తిగా పెట్టుకొందురు. పుల్లని చెర్రీ పండ్లను లీటరునకు 200 గ్రాములు, కొన్నిట అంతకు మించియు వేసి నానబెట్టిన లాంబిక్‌ను క్రీక్ అందురు. ఒకప్పుడు ఆ పండ్లు బ్రస్సెల్సు పొలిమేరలోని స్కార్‌బేక్ తోటల నుండి వచ్చెడివి. నేడా తోటలుండిన చోట ఇండ్లు వెలసినవి.

1900 నాటికి బ్రస్సెల్సులో వందకు పైగా బ్రూవరీలుండెను. ఆ యేటనే స్థాపింపబడిన కాంతియోన్, 20వ శతాబ్ది చివరకు నగరములో పాత పద్ధతిని పట్టుకొనియున్న ఒకే ఒక లాంబిక్ బ్రూవరీగా మిగిలెను. తీపి కలిపిన, చవుకైన, త్వరగా తయారగు బీరులు తక్కినవాటిని మ్రింగివేసినవి. 1978లో అది తన శాలను ప్రదర్శనశాలగా గూడ తెరచెను. 1997లో పల్లెల వారు కొందరు హోరాల్ అను సంఘముగా ఏర్పడి, రెండేండ్లకొకసారి బ్రూవరీల తలుపులు సందర్శకులకు తెరచు ఆచారమును పెట్టిరి. తరువాత క్రొత్త కలుపరులు కూడ వచ్చిరి. గిరాకి భయము తీరినదనుకొనునంతలో మరొక భయము వచ్చినది.

గాలియా, గోడలా?

ఈ సూక్ష్మజీవులు సెన్ లోయ గాలిలో తప్ప మరెచ్చటను లేవని స్థానికులు చాలకాలము నమ్మిరి. ఆ నమ్మకము పూర్తిగా నిలువలేదు. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అమెరికాలో ఇదే పద్ధతిని అనుసరించిన ఒక బ్రూవరీలో ఇంచుమించు ఇదే వరుస కనబడినది. అచ్చటి సూక్ష్మజీవులలో పెక్కు బ్రూవరీ శాలలోనే నివాసమేర్పరచుకొనియున్నట్లు తేలినది. అనగా వెలుపలి గాలి ఎంత ముఖ్యమో, దూలములు, పీపాలు, గోడలు కూడ అంత ముఖ్యము కావచ్చును. పాత రుబ్బురోలులో రుబ్బిన పిండి బాగుగా పొంగునని మన పెద్దలు చెప్పు మాటను ఈ సందర్భమున తలచుకొనవచ్చును.

రాత్రి ఎంత చల్లగా ఉండవలెను?

గాలి విషయమెట్లున్నను చలి విషయములో సందేహము లేదు. సుమారు అక్టోబరు నుండి ఏప్రిల్ వరకే లాంబిక్ కాతురు. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 8 డిగ్రీలకును, ఎగువ 8 డిగ్రీలకును నడుమ ఉండుట మేలని లెక్క. కారణమును ఉన్నత పాఠశాలలో నేర్పు న్యూటన్ శీతలీకరణ సూత్రముతోనే గ్రహింపవచ్చును. వేడివస్తువు చల్లారు వేగము, దానికిని పరిసరములకును గల ఉష్ణోగ్రతా భేదమునకు అనుపాతములో ఉండును.

కషాయము 95 డిగ్రీల వద్ద తొట్టిలో పడి 20 డిగ్రీలకు దిగవలెననుకొందము. గాలి 0 డిగ్రీలలో నున్నపుడు దీనికి 8 గంటలు పట్టునని భావించినచో, అదే తొట్టిలో గాలి 8 డిగ్రీలైనపుడు 10 గంటలకు పైగా, 15 డిగ్రీలైనపుడు 14 గంటలకు పైగా పట్టును. లాగరిథముల పట్టికతో ఎవరైనను సరిచూడవచ్చును. పొగలు క్రక్కుచున్న ద్రవము ఆవిరి వలన గూడ చల్లారును గనుక మొదటి గంటలలో ఈ లెక్క కొంత తప్పును. వెడల్పు పళ్లెములోను, లోటాలోను సమానముగా వేడినీరు పోసి, రెండు థర్మామీటర్లతో తరగతిలో ఈ తేడాలను చూపవచ్చును.

మొత్తము కాలము కంటె, 40 నుండి 20 డిగ్రీలకు దిగుటకు పట్టు కాలము మరింత ముఖ్యము. బాక్టీరియాలు వేగముగా పెరుగునది అప్పుడే. పై లెక్క ప్రకారము 0 డిగ్రీల రాత్రి ఇది మూడున్నర గంటలు. 15 డిగ్రీల రాత్రి ఎనిమిది గంటలకు పైమాట. అదనపు కాలము నాలుగున్నర గంటలకు మించినది. అరగంటకొకసారి రెట్టింపగు బాక్టీరియా ఆ నాలుగున్నర గంటలలో 512 రెట్లగును. నిజముగా లెక్క అంత చక్కగా సాగకపోవచ్చును. కాని ఈస్టు మేలుకొనక ముందే మొదటి వంతువారు పీపాను ఆక్రమింతురన్నది మాత్రము స్పష్టము. తరువాతి వారు ఎంత శ్రమించినను ఆ వాసన పోదు. చలి మితిమీరినను చిక్కే. కషాయము మరీ త్వరగా, మరీ ఎక్కువగా చల్లారిపోవును.

కాంతియోన్ బ్రూవరీ వారు పాత ఉష్ణోగ్రతల లెక్కలను పరిశీలింపగా, 20వ శతాబ్ది ఆరంభములో సంవత్సరమునకు సుమారు 165 రోజులు కాచుటకు అనుకూలముగా ఉండగా, ఇటీవల అవి సుమారు 140కి తగ్గినట్లు తేలినది. భూగోళము వేడెక్కుటలో పగటితోపాటు రాత్రులును వేడెక్కుచున్నవి. ఈ వృత్తికి కావలసినది రాత్రియే. గొట్టములలో చన్నీరు పారించి కషాయమును చల్లార్చుట యంత్రశాస్త్రమునకు కష్టమైన పని కాదు. కాని రాత్రంతయు తెరచియుంచుటకు బదులు గంటలో చల్లార్చిన కషాయములోనికి అవే జీవులు, అదే పాళ్లలో చేరునా అనునది ఎవరును ముందుగా చెప్పలేరు. ఫలితము తెలియుటకు పీపా మూడేండ్లు ఆగవలెను. కనుక ఆ లోయలో శరత్కాలము వచ్చినదనగా బీరు కాచువారు మొదట చూచునది పొయ్యిని కాదు, రాబోవు రాత్రుల వాతావరణ సూచనను.