తలుపు దగ్గరి కుర్చీ

ప్రోస్టేట్ క్యాన్సర్ శస్త్రచికిత్స ఇప్పుడు పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాల ద్వారా రోబో సాయంతో చేస్తున్నారు. రక్తం తక్కువ పోతుంది, రోగి త్వరగా ఇల్లు చేరతాడు. మా సంఘపెద్ద ఒకాయన అలాగే మూడోరోజుకు ఇంటికొచ్చారు. ‘చిన్న గాయమే కదా’ అన్నారంతా. కానీ రెండు నెలలైనా ఆయన ఆరాధనకు రాలేదు. మేము చూడబోతే తలవంచుకుని, ‘అయ్యగారూ, దగ్గితే చాలు, మూత్రం ఆగడం లేదు. మందిరంలో ఎలా కూర్చోను?’ అన్నారు.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రనాళం చుట్టూ ఉంటుంది. దాన్ని తీసేస్తే కొంతకాలం మూత్రంపై పట్టు సడలుతుంది. వైద్యులు నేర్పే కటి కండరాల వ్యాయామంతో చాలామందిలో అది వారాల్లోనో నెలల్లోనో తిరిగి వస్తుంది. బయటి గాయం మానినంత వేగంగా లోపలిది మానదు.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ చాటుగా వచ్చి యేసుప్రభువు వస్త్రాన్ని ముట్టింది (మార్కు 5). ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అపవిత్రురాలు, అందుకే ఆ భయం. ముట్టిన వెంటనే బాగుపడింది. అయినా ప్రభువు ఆగి, తనను ముట్టిందెవరని అడిగాడు. ఆమెను సిగ్గుపరచడానికి కాదు, అందరి ఎదుట కుమార్తె అని పిలవడానికి! రోగం పోవడంతోనే స్వస్థత పూర్తికాదు, మనుషుల మధ్య చోటు తిరిగి దొరకాలి.

మరుసటి ఆదివారం తలుపు పక్కనే ఆయనకో కుర్చీ వేయించాం. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లొచ్చారు. ఎవరూ తలతిప్పి చూడలేదు. ఆరోజు మా సంఘం చేసిన మంచి ప్రార్థన అదే. మన మందిరాల్లో అలాంటి కుర్చీ ఒకటి ఉందా?