పరీక్ష అడగని ప్రయోగం

బంతిని నిటారుగా పైకి విసిరామనుకుందాం. చేతిని వదిలాక, ఇంకా పైకి పోతుండగా దానిమీద పనిచేసే బలాలు ఏవి? గాలి నిరోధాన్ని పక్కనపెడితే ఒక్కటే, భూమి దాన్ని కిందికి లాగే బలం. కానీ పైకి పోతోంది కాబట్టి పైకి తోసే బలమేదో అందులో మిగిలే ఉందని, అది అయిపోయాక బంతి కిందికి తిరుగుతుందని చాలామంది విద్యార్థులు చెబుతారు. న్యూటన్ సూత్రాలు మూడింటినీ తు.చ. తప్పకుండా అప్పజెప్పేవాళ్లూ, బంతి ఎంత ఎత్తుకు పోతుందో క్షణాల్లో లెక్కగట్టేవాళ్లూ ఇదే మాట అంటారు. 1992లో డేవిడ్ హెస్టెనిస్, ఆయన సహచరులు అమెరికాలో ఇలాంటి ప్రశ్నలతోనే ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే పరీక్ష తయారుచేశారు. అందులో చేయాల్సిన లెక్కలేమీ ఉండవు, మామూలు మాటల్లో అడిగే ప్రశ్నలే ఉంటాయి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ తన విద్యార్థులను ఈ తరహా ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులు చూసి, అప్పటిదాకా మంచి పేరు తెచ్చిపెట్టిన తన బోధన పద్ధతినే మార్చుకున్నాడు.

ఆ పరీక్షను ఆధారం చేసుకుని 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చి చూశాడు. కోర్సు మొదట్లో తెలియనిదాంట్లో చివరికి ఎంత భాగం నేర్చుకున్నారన్నది ఆయన కొలత. ఉపన్యాసం వింటూ నోట్సు రాసుకున్న తరగతుల్లో అది సగటున 23 శాతం. ముందుగా ఊహించి చెప్పడం, చేసి చూడడం, పక్కవారితో వాదించడం ఉన్న తరగతుల్లో 48 శాతం. 2014లో 225 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, విద్యార్థి ఊరికే విని ఊరుకోకుండా ఏదో ఒకటి చేసే తరగతుల్లో తప్పేవారు దాదాపు 22 శాతం ఉంటే, ఉపన్యాస తరగతుల్లో 34 శాతం ఉన్నట్టు తేలింది. ఇవి ఎక్కువగా కళాశాల లెక్కలే అయినా, మన చర్చకు కావలసిన సంగతి వీటిలో ఉంది. సూత్రం నోటికి రావడం వేరు, లోకం ఎలా నడుస్తుందో తెలియడం వేరు. మొదటిదాన్ని మాత్రమే కొలిచే పరీక్షకు రెండోది లేదన్న సంగతి కనబడదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షలో 3 గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. బంతి ప్రశ్నను తిరగేసి ఆలోచించే తీరిక అందులో దొరకదు, గుర్తుపట్టి గీతం పాడినట్టు జవాబు పెట్టేయాలి. అందుకే ఇంటర్ ప్రయోగశాల చాలాచోట్ల పరీక్షల ముందు కొద్దిరోజులకు మాత్రమే తలుపులు తెరుస్తుంది. రికార్డు పుస్తకం సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతుంది. బడుల్లో సైన్స్ కిట్లు బీరువాల్లో భద్రంగా ఉంటాయి. డబ్బు లేక ఇలా జరుగుతోందని అందరూ అంటారు. డబ్బు కొరత నిజమే. కానీ కిట్టు ఉన్నచోట కూడా ప్రయోగం జరగకపోవడానికి కారణం డబ్బు కాలేదు కదా. పరీక్ష అడగనిదాన్ని బడి నేర్పదు, అసలు చిక్కు అక్కడుంది. పేదబడిలో, పల్లెబడిలో కూడా పిల్లలు చేతులతో సైన్స్ నేర్చుకోగలరనీ, అందుకు పరీక్షను కూడా మార్చి తీరాలనీ మన దేశంలోనే 30 ఏళ్లపాటు రుజువైంది.

అది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. టాటా పరిశోధన సంస్థలో ఉద్యోగం వదులుకుని వచ్చిన అనిల్ సద్గోపాల్ స్థాపించిన కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 1972లో అక్కడి 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా కొత్తరకం సైన్స్ బోధన మొదలుపెట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా సంస్థల శాస్త్రవేత్తలు వచ్చి ఉపాధ్యాయులతో కూర్చుని పాఠాలు తయారుచేశారు. 1978లో ప్రభుత్వం దాన్ని జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. చివరికి అది 15 జిల్లాల్లో వెయ్యికి పైగా బడులకు పాకింది.

‘బాల్ వైజ్ఞానిక్’ అనే వారి పుస్తకాన్ని చూస్తే మన పాఠ్యపుస్తకాలకు అలవాటుపడ్డ కన్ను తడబడుతుంది. అందులో నిర్వచనాల జాబితాలు లేవు, ప్రయోగాల ఫలితాలు కూడా ముందే అచ్చువేసి లేవు. ఇది చెయ్యి, ఏం కనిపించిందో పట్టికలో రాయి, పక్క జట్టుకు అదే వచ్చిందా చూడు, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పు. ఇదీ వరస. పిల్లలు నలుగురేసి ఒక జట్టు. ఊళ్లో ఏరుకొచ్చిన ఆకులు, కోసుకొచ్చిన పూలు, పొలం మట్టి ప్రయోగ సామగ్రి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో ఇక్కడికి వచ్చాకే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని అతికించి రేఖాగణిత ఆకారాలు కట్టే ఆట పుట్టింది. పిల్లలు తమ సందేహాలను సవాలీరాం అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాసేవారు, వాటికి జవాబులు వెళ్లేవి. ప్రశ్న వేసినందుకు ఎవరూ కసురుకోరని తెలిసిన పిల్లవాడు ఇంకో ప్రశ్న వేస్తాడు. బడిలో ఇంతకంటే విలువైన సామగ్రి ఏముంటుంది?

ఇదంతా నిలబడడానికి మూలం మాత్రం ఎనిమిదో తరగతి పరీక్ష. దాన్ని మార్చడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. పుస్తకం, నోట్సు పక్కన పెట్టుకునే రాయవచ్చు, దానికి తోడు చేసి చూపించే ప్రయోగ పరీక్ష ఉంటుంది. పుస్తకం ఎదుటే ఉన్నప్పుడు బట్టీకి విలువ పోతుంది, ఏడాది పొడవునా ప్రయోగం చేయనివాడు అక్కడికక్కడ తడబడతాడు. దాంతో ఉపాధ్యాయుడు కిట్టు తెరవక తప్పలేదు. ఆ ఉపాధ్యాయుల్లో చాలామంది సైన్స్ డిగ్రీ చదివినవారు కాదు. వేసవుల్లో వారాల తరబడి శిక్షణ పొంది, నెలనెలా కలుసుకుని, తాము ముందు చేసి చూసిన ప్రయోగాన్నే తరగతిలో చేయించేవారు.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపేసింది. కొన్ని జిల్లాల పిల్లలకు మిగతా రాష్ట్రం కంటే వేరే పుస్తకం, వేరే పరీక్ష ఏమిటని, పై తరగతుల్లో వాళ్లు వెనకబడతారని అభ్యంతరం వచ్చింది. పల్లె తల్లిదండ్రుల భయం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. పట్నం పిల్లలు ర్యాంకుల పరుగులో ఉంటే తమ పిల్లలను ఆకులు ఏరమనడం అన్యాయంగా తోచవచ్చు. అయితే వెనకబాటు ఎందుకు వచ్చిందో చూడాలి. ఎనిమిది దాకా ఆలోచనను అడిగిన వ్యవస్థ, తొమ్మిది నుంచి జ్ఞాపకాన్ని అడిగింది. మారాల్సింది పై మెట్టయితే, కింది మెట్టును పీకేశారు.

పైగా ఆ ర్యాంకుల పరుగులో ఉండేది ఎందరు? కొఠారీ కమిషన్ 1964-66లోనే మొదటి పదేళ్ల చదువులో సైన్స్ అందరికీ తప్పనిసరి కావాలని చెప్పింది. మనం అలాగే పెట్టుకున్నాం. పదో తరగతి తర్వాత సీఈసీ తీసుకునే అమ్మాయి, ఐటీఐకి వెళ్లే అబ్బాయి, పొలంలో దిగే కుర్రవాడు సైన్స్‌కు చివరిసారి నమస్కారం పెట్టేది అక్కడే. పాఠ్యప్రణాళిక మాత్రం ఇంజనీరు కాబోయేవాడి కోసమే రాసినట్టు ఉంటుంది. నల్గొండ ప్రాంతాన్ని దశాబ్దాలు పీడించిన ఫ్లోరైడ్ సంగతే తీసుకోండి. దానికి రంగు లేదు, రుచి లేదు, కొలిస్తే తప్ప తెలియదు. నీళ్లు మరిగిస్తే దోషం పోతుందన్న మంచి అలవాటు ఇక్కడ పనిచేయదు. క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై గాఢత ఇంకాస్త పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్లతరబడి తాగితే పళ్లమీద గార, ఆపైన ఎముకల వ్యాధి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970లలో రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం చదివే ప్రతి పిల్లా పిల్లవాడికీ ఇది బకెట్టులో చేసి చూపించగల రసాయనశాస్త్రం. ఇంజనీరు కాని అమ్మాయికే ఇది ఎక్కువ అవసరం, రేపు ఇంటి నీళ్ల సంగతి నిర్ణయించేది ఆమె.

పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే సైన్స్ రాదని మరో వాదన ఉంది. పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెలర్, రిచర్డ్ క్లార్క్ 2006లో దీన్ని గట్టిగా వినిపించారు. కొత్తగా నేర్చుకునేవాడి బుర్ర ఒకేసారి కొన్ని సంగతులనే మోయగలదు, దారి చూపకుండా కనిపెట్టమంటే అయోమయమే మిగులుతుందన్నారు. అది ఒప్పుకోవలసిన మాటే. గెలీలియో జీవితమంతా పడ్డ శ్రమను 40 నిమిషాల పీరియడులో పిల్లవాడు తిరిగి పడలేడు. కానీ హోషంగాబాద్‌లో జరిగింది వదిలేయడం కాదు. ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న రావాలో ఎంతో ఆలోచించి కూర్చారు, ఉపాధ్యాయుడు చర్చను దారిలో పెట్టేవాడు. జవాబును దాచడం వేరు, విద్యార్థిని దారి తెలియని అడవిలో దింపడం వేరు.

నాకు వీటన్నింటికంటే బరువైనదిగా తోచే అభ్యంతరం మార్కుల నిజాయితీ. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి కొన్నేళ్లు 20 అంతర్గత మార్కులు పెట్టి, తర్వాత ఎత్తేశారు. బడి చేతిలో మార్కులు పెడితే ప్రయోగం చేసినా చేయకపోయినా నిండుగా పడిపోతాయన్న అనుమానం ఊరికే పుట్టలేదు. దీనికి విరుగుడు రాతపరీక్షలోనే ఉంది. ఒకే బోరుబావి నీళ్లను ఐదుసార్లు పరీక్షిస్తే ఫ్లోరైడ్ 2.1, 2.2, 2.1, 4.8, 2.0 వచ్చిందని చెప్పి, నాలుగో కొలతను ఏం చేస్తావు, ఎందుకు అని అడగవచ్చు. సగటు తీసేస్తే చాలదు. కొలతల్లో తప్పు ఎలా దొర్లుతుందో చేతితో చేసి చూసినవాడికే ఆ జవాబు తడుతుంది, ఏ గైడూ దాన్ని ముందుగా అచ్చు వేయలేదు. పదో తరగతి భౌతిక, జీవశాస్త్ర ప్రశ్నపత్రాల్లో అయిదోవంతు మార్కులు ఇలాంటి ప్రశ్నలకు కేటాయించి, ఆ సంగతి రెండేళ్ల ముందే ప్రకటిస్తే, ఎవరూ ఆదేశాలు ఇవ్వకుండానే బీరువాల తాళాలు తెరుచుకుంటాయి.

ఉపాధ్యాయుడిని సిద్ధం చేయకుండా పరీక్షను మారిస్తే దెబ్బ తగిలేది మళ్లీ పేదబడికే. డబ్బున్న బడి ఆ కొత్త ప్రశ్నలకూ కోచింగ్ పెట్టుకుంటుంది. కుప్పం దగ్గరి అగస్త్య ఫౌండేషన్ లాంటి సంస్థలు వ్యాన్లలో ప్రయోగాలను బడి ముంగిటికి తెస్తున్నాయి. వాటి పని గొప్పది, కానీ వచ్చి వెళ్లే వ్యాను రోజూ ఉండే ఉపాధ్యాయుడికి బదులు కాలేదు. ఆ ఉపాధ్యాయుడిని సిద్ధం చేయడానికి కొత్త భవనాలు, కొత్త సంస్థలు అక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధ్యాయులు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు వెళ్తూనే ఉన్నారు. ఆ పూట సర్క్యులర్లు చదవడం, వివరాలు నింపడం పక్కనపెట్టి, వచ్చే నెల పాఠాల్లోని ప్రయోగాలను సైన్స్ ఉపాధ్యాయులు తామే స్వయంగా చేయాలి. ఏది కుదరలేదో, ఏ కొలత తప్పిందో రాసుకుని, ఆ కాగితాన్ని ప్రశ్నపత్రం తయారుచేసేవారికి పంపాలి.